పదిహేడో తూము నుంచి పద్దెనిమిదికి

ఆశ్వయుజ శుద్ధ పంచమి

పోటు మధ్యాహ్నం పన్నెండు ఇరవైకి వచ్చింది. సముద్రం వైపు మట్టం మూడు మీటర్ల పది, లోపల కాలువలో ఒకటి ఎనభై. షట్టర్లు నాలుగూ మూసే ఉన్నాయి. మూడో షట్టరు గొలుసుకు గ్రీజు పెట్టాను. మెట్లకు పట్టిన గుల్లలు గీకాను. సాయంత్రం ఆరింటికి పద్దెనిమిదో తూముతో మాట. పోలిక యాభై రెండు.

ఇవన్నీ మట్టాల పుస్తకంలో కూడా ఉన్నాయి. దాన్ని కట్ట కేంద్రం వాళ్లు చూస్తారు. ఆ చివరి అంకె గురించి రాసుకోవడానికే ఇవాళ ఈ వేరే పుస్తకం మొదలుపెట్టాను. పోయిన నెల ఇదే తిథికి అది అరవై తొమ్మిది.

పద్దెనిమిదో తూము కాపలా మా వదిన తిరుపతమ్మది. పదిహేడు నాది. మధ్యలో ఆరు కిలోమీటర్ల కట్ట. కట్టకు ఒక పక్క సముద్రం, ఇంకో పక్క సముద్రం కన్నా పల్లంలో పదకొండు ఊళ్లు. వాన నీళ్లు ఊళ్లలో నిలవకుండా, సముద్రం దిగిన వేళ చూసి షట్టర్లెత్తి వదలాలి. అయితే ఏ షట్టరూ ఒక్కరి మాటతో లేవదు. గొంతులు దొంగిలించిన ఏడాది, అయిదో తూము కాపలాదారుకు ఎవరో ఆయన కొడుకు గొంతుతో ఫోను చేసి పోటు మీద షట్టర్లు తీయించారు. అప్పటి నుంచి కట్ట మీద గొంతునూ నమ్మరు, ముఖాన్నీ నమ్మరు. పక్కపక్క తూములవాళ్లు ఇద్దరూ రోజూ పది నిమిషాలు మాట్లాడుకోవాలి. గోడకున్న పెట్టె వింటుంది. ఎవరు ఎవరి మాటకు అడ్డం వస్తారు, ఎక్కడ నవ్వుతారు, ఎంతసేపాగి జవాబిస్తారు, ఏ మాటతో ముగిస్తారు, ఇవన్నీ పాత రోజులతో పోల్చి చూస్తుంది. గొంతును ఎవరైనా తయారుచేయగలరు గాని, ఇద్దరు మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడే తీరును చేయలేరట.

ఆ పోలిక నూటికి నలభై కన్నా తగ్గితే పెట్టె షట్టర్లకు తాళం వేసుకుంటుంది.

అంతకుముందు తొమ్మిదేళ్లలో మా ఇద్దరి పోలిక తొంభై దిగలేదు. మేము మాట్లాడుకుంటే కొత్తవాళ్లకు తగువులా వినిపించేది. "ఏం వదినా, ఇవాళైనా మా అన్నకు ఉప్పేసి వండావా?" అని నేను మొదలుపెట్టేదాన్ని. "మీ అమ్మ చేతి కూడు తిన్న నాలుకకి ఉప్పేం తెలుస్తదిలే" అని ఆమె అందుకునేది. ఒకరి మాట ఇంకొకరం ముగించనిచ్చేవాళ్లం కాదు. వెనకనుంచి అన్నయ్య నవ్వడం కూడా పెట్టెలో పడేది.

అన్నయ్య బాలకోటి వైశాఖంలో పోయాడు.

శుద్ధ నవమి

పోలిక నలభై ఎనిమిది.

ఇవాళ మాట ఇలా నడిచింది. భోజనం చేశారా అని అడిగాను, చేశానంది. మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయన్నాను, పర్వాలేదంది. వాన పడేలా ఉందన్నాను, ఊఁ అంది. మిగతా ఏడు నిమిషాలూ ఇద్దరం మట్టాలు చదువుకున్నాం. ఒకరి మాటకు ఒకరం ఒక్కసారి కూడా అడ్డం రాలేదు.

మాట అయ్యాక కేంద్రం నుంచి జోజిబాబు పిలిచాడు. ఈ వరస పెట్టెలన్నింటినీ చూసుకునేది అతనే. మెత్తటి మనిషి. వదినతో ఏమైనా గొడవ పడ్డావా అని అడిగాడు. లేదన్నాను.

"పడినా బాగుండేదమ్మా. గొడవల్లో మనిషి తీరు ఇంకా బాగా దొరుకుద్ది పెట్టెకి. మీరు అసలు మాట్లాడుకోవట్లా, అదీ దాని బాధ" అన్నాడు.

కొత్తగా నమోదు చేయించుకోవచ్చా అని అడిగాను. దానికి నలభై రోజులు పడుతుందట. ఆ నలభై రోజులూ షట్టర్లు కదలవు. తుపాన్ల కాలం దాటి మార్గశిరం వచ్చేదాకా ఆ మాటే ఎత్తొద్దన్నాడు. ఎప్పట్లా మామూలుగా మాట్లాడుకోండి చాలు అన్నాడు.

అన్నం వండుకుని తిన్నాను. గిన్నె కడిగి, తుడిచి, మళ్లీ కడిగాను.

శుద్ధ త్రయోదశి

రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను.

మామూలుగా మాట్లాడాలని నిన్నంతా కూర్చుని కాగితం మీద మాటలు రాసుకున్నాను. మా పాత పద్ధతిలోవే, పదో పన్నెండో ఎత్తిపొడుపులు. సాయంత్రం లైను కలవగానే మొదటిది అన్నాను. "ఏం వదినా, నీ వంట వాసనకి మీ తూములో చేపలన్నీ నా తూముకి వలసొచ్చాయి."

రెండోది అన్నాను. నవ్వు కూడా కలిపాను. నా నవ్వు నాకే తుప్పు పట్టిన గొలుసులా వినిపించింది.

"కాగితం చప్పుడు వినపడతాంది నాంచారీ" అంది వదిన.

కోపంగా అనలేదు. కాగితం మడిచి పక్కన పెట్టాను. తర్వాత మట్టాలు చదువుకున్నాం. పోలిక నలభై నాలుగు.

పౌర్ణమి

పోటు మూడు మీటర్ల తొంభై. ఈ పక్షంలో ఇదే ఎక్కువ.

పాత మాటలు వింటే తీరు గుర్తుకొస్తుందేమోనని జోజిబాబు పెట్టెలోని రికార్డులన్నీ నాకు తెరిచిచ్చాడు. పొద్దుటి నుంచీ విన్నాను. మొదట ఈమధ్యవి విన్నాను. శ్రావణం, ఆషాఢం, జ్యేష్ఠం, అలా వెనక్కి వెళ్లాను. వింటుంటే ఒకటి తెలిసింది. నేను వదినను మీరు అంటున్నాను. భోజనం చేశారా, పడుకున్నారా, మందు వేసుకున్నారా. పెళ్లై మా ఇంటికొచ్చిన రోజు నుంచీ నువ్వు అనే పిలిచిన మనిషిని అయిదు నెలలుగా మీరు అంటున్నాను. నాకు తెలియనే లేదు.

మొదలెక్కడా అని చూశాను. అన్నయ్య పోయిన పొద్దున వదిన లైనులో ఒక్క ముక్కే చెప్పింది: "మీ అన్నయ్య పోయాడు." దానికి నేను, "ధైర్యంగా ఉండండి వదినా, మీకేం కావాలన్నా చెప్పండి" అన్నాను. తొమ్మిదో తూము కాపలాదారు చనిపోయినప్పుడు, నేనెన్నడూ చూడని ఆయన భార్యకు కూడా సరిగ్గా ఈ మాటలే చెప్పాను. మర్నాడు పడవ మీద వెళ్లాను. మూడు రోజులున్నాను. వచ్చిన నలుగురిలో ఒకదానిలా కూర్చుని వచ్చాను.

అక్కడితో ఆపి ఉండాల్సింది. ఆపలేదు. అంతకు మూడు రోజుల ముందుది కూడా విన్నాను.

అందులో వదిన గొంతు మామూలుగానే ఉంది. "మీ అన్న రెండ్రోజుల్నుంచి జమీందారులా మంచం దిగట్లా. అన్నం కూడా నోటికందించాలంట. నువ్వొచ్చి కాళ్లు పడితే లేస్తాడేమో."

దానికి నేను, "అందుకేగా నిన్ను తెచ్చి కట్టబెట్టింది. పట్టు, పుణ్యమొస్తది" అని నవ్వాను. బాగా నవ్వాను.

తర్వాత నాలుగు సెకన్లు ఏమీ లేదు. మేమిద్దరం మాట్లాడుకునే దానిలో అర సెకను ఖాళీ కూడా ఉండేది కాదు. పెట్టె దాన్ని గీత గీసి చూపించింది. నాలుగు సెకన్ల తర్వాత వదిన, "సరేలే" అంది. అక్కడి నుంచి మట్టాలు.

అన్నయ్యకు మెదడువాపు జ్వరం. ఆ మాటయిన మూడోనాటికి పోయాడు. నాకెందుకు ముందే చెప్పలేదని అయిదు నెలలుగా నా కడుపులో ఒక మాట ఉంది. అడిగితే ఆమె తట్టుకోలేదని అడగలేదు. అడగకుండా ఉండటానికే మీరు అంటూ వచ్చానేమో.

ఆమె చెప్పింది. మా ఇద్దరికీ తెలిసిన పద్ధతిలోనే చెప్పింది.

బహుళ పంచమి

పోలిక నలభై ఒకటి. విన్నదాని గురించి వదినకు చెప్పలేదు. ఎత్తిపొడుపులు నోటికి రావు, మీరు అనడం ఇక చేతకాదు. మిగిలినవి అంకెలే.

బహుళ దశమి

పోలిక ముప్పై తొమ్మిది. సాయంత్రం ఆరుంబావుకు పెట్టె ఎర్రదీపం వెలిగింది. షట్టర్లకు తాళం పడింది. పదిహేడులోనూ, పద్దెనిమిదిలోనూ.

బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని కేంద్రం ప్రకటన.

బహుళ చతుర్దశి

నిన్నటి నుంచి వాన వదల్లేదు. లోపల కాలువ మట్టం రెండు మీటర్ల తొంభై. మూడున్నర దాటితే పల్లపు ఊళ్లలోకి నీళ్లెక్కుతాయి. రెండు తూముల వెనకా ఉన్నది ఒకే కాలువ. పదిహేడు పెద్దది, అదొక్కటి తెరిస్తే చాలు, రెండువైపులా దిగుతుంది. రేపు మధ్యాహ్నం రెండింటికి పాటు. సముద్రం దిగే ఆ మూడు గంటల్లో షట్టర్లు లేవకపోతే మళ్లీ పోటొస్తుంది.

జోజిబాబు మూడుసార్లు పిలిచాడు. పెట్టె తాళం దూరం నుంచి తీసే అధికారం ఎవరికీ లేదు, అలా ఉంటే దొంగలకూ ఉన్నట్టే. పడవలు నడవవు. చేతిచక్రం ఒక్కటే దారి. దానికి రెండు పిడులు. నమోదైన ఇద్దరి చేతులూ వాటిమీద ఉంటేనే కొక్కెం వదులుతుంది. అంటే వదిన ఇక్కడికి రావాలి. కెరటాలు కట్ట దాటి పడుతున్నాయి, రమ్మని నేను చెప్పలేనన్నాడు. ఇంకోసారి మాట్లాడి చూడండి అన్నాడు.

లైను కలిపారు. ఏం మాట్లాడాలో తెలియలేదు. ఉన్నదే అన్నాను.

"వదినా, వైశాఖం నాటి రికార్డు విన్నాను. నువ్వు చెప్పావు. నేను నవ్వాను."



"ఇప్పుడా అది?" అంది. లైను తీసేసింది.

పోలిక ఇరవై ఏడు.

ఆశ్వయుజ అమావాస్య (మర్నాడు రాసింది)

పొద్దున ఏడింటికి పద్దెనిమిదికి పిలిచాను. ఎత్తలేదు. ఎనిమిదికి, తొమ్మిదికి కూడా ఎత్తలేదు. జోజిబాబును అడిగితే అతనికీ పలకడం లేదన్నాడు. కాలువ మట్టం మూడు మీటర్ల ఇరవై ఐదు. తూము గది కిటికీలోంచి కట్ట మీద వంద గజాలు కూడా కనిపించడం లేదు.

అలా ఎదురుచూసినంతసేపూ నేను ఊళ్ల గురించి ఆలోచించలేదు. అది నిజం, అందుకే రాస్తున్నాను. లైను తీసేసిన ఆ మనిషి ఒంటరిగా ఆ గదిలో ఏం చేసుకుందోనని ఆలోచించాను.

పదకొండున్నరకు కట్ట మీద ఒక మనిషి కనిపించింది. నడుముకు తాడు. తాడు కొసన ఇనుప కొక్కెం. కట్ట పొడుగునా ఉన్న రెయిలింగుకు దాన్ని తగిలించుకుంటూ, పది అడుగులు నడిచి, తీసి, మళ్లీ తగిలించుకుంటూ వస్తోంది. కెరటం వచ్చినప్పుడల్లా వంగి కూర్చుంటోంది. నేను ఎదురు పరిగెత్తాను. వదిన చీర మీద అన్నయ్య రెయిన్‌కోటు వేసుకుంది. పొద్దున ఆరింటికే బయల్దేరిందట. అరచేతులు చర్మం ఊడి ఉన్నాయి.

"పాటు ఎన్నింటికి?" అంది.

"రెండింటికి."

అంతే. లోపలికొచ్చి టీ తాగింది. అరచేతులకు గుడ్డ చుట్టబోతే వద్దంది, పిడి చేతిని గుర్తుపట్టాలి కదా.

ఒంటిగంటకు, మట్టం మూడున్నర దాటుతుండగా, చక్రం పట్టాం. చక్రం కొక్కెం వదిలింది. ఒక్కో షట్టరు లేవడానికి రెండు వందల చుట్లు తిప్పాలి. నాలుగు షట్టర్లు. ఎదురెదురుగా నిలబడి తిప్పాం. "తిప్పు" అని ఒకరం, "ఆగు" అని ఒకరం. ఇంకేమీ అనుకోలేదు. రెండో షట్టరు దగ్గర ఆమె పిడి మీద నెత్తురు చూశాను. నా చేయి ఆ పిడికి మార్చబోయాను. ఆమె తల అడ్డంగా ఊపింది. మూడున్నరకు నాలుగూ పైకి లేచాయి. కాలువ నీళ్లు ఎర్రగా, మంచాలూ తడికలూ గడ్డిమోపులూ మోసుకుంటూ సముద్రంలోకి దూకాయి. అయిదింటికి మళ్లీ పట్టి మూశాం. మట్టం రెండు మీటర్ల నలభై.

రెండు పల్లెల్లో మోకాళ్లలోతు నిలిచిందట. మనుషులెవరూ పోలేదు.

వదిన తడి చీరతోనే నా మంచం మీద పడి నిద్రపోయింది.

కార్తీక శుద్ధ విదియ

కట్ట కోసుకుపోయిన చోట్ల మట్టి వేస్తున్నారు, ఇంకా పడవ రాలేదు. వదిన ఇక్కడే ఉంది. రెండు రోజులుగా అవసరమైన మాటలే. ఉప్పెక్కడుంది, ఈ గుడ్డ ఎండిందా.

ఇవాళ పొద్దున నేను తిథి చూసుకున్నాను. పప్పు, వంకాయ కూర, కొంచెం పరమాన్నం వండాను. వడ్డించి ముందు పెట్టాక వదిన పళ్లెం కేసి చూసింది.

"ఇవాళ విదియ కదా. మీ అన్న నీ చేతి అన్నం తినే రోజు" అంది.

ప్రతి ఏడాదీ ఇదే రోజున అన్నయ్య ఆరు కిలోమీటర్లు సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు. చెల్లెలి చేతి భోజనం తింటే ఆయుష్షు అని మా అమ్మ చెప్పేది.

వదిన తినడం మొదలుపెట్టింది. కాసేపటికి తినడం ఆపకుండానే, నా వైపు చూడకుండా చెప్పింది.

"ఆయన చెప్పొద్దన్నాడు, చెల్లి కంగారుపడుద్దని. నేను ఆగలేక చెప్పాను. నువ్వు నవ్వావు. మళ్లా చెబుదామనుకున్నా. నవ్విన మనిషితో ఎట్లా మొదలుపెట్టాలో నాకు తెలియలా."

నేను తల వంచుకున్నాను. "ఎందుకు చెప్పలేదని నేను నిన్ను అయిదు నెలలు లోపల తిట్టుకున్నాను" అన్నాను.

"తెలుసు. అందుకేగా మీరు, మీరు అని."

పరమాన్నం వద్దంది. చేయి కడుక్కుని వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"తొమ్మిదేళ్లు రోజూ మాట్లాడుకున్నాం నాంచారీ. కట్ట మీద మనంత మాట్లాడినవాళ్లు లేరు. నాకు పిల్లలు పుట్టలేదని నేను ఏడ్చానో లేదో నీకు తెలుసా? నువ్వెందుకు పెళ్లి వద్దన్నావో నేనెప్పుడైనా అడిగానా?"

తెలియదన్నాను. అడగలేదన్నాను. అందులో ఎవరి తప్పూ కనిపించలేదు. అంత బాగా నవ్వుకునే చోట అలాంటి మాట ఎక్కడ పెట్టాలో ఇద్దరికీ చోటు దొరకలేదు, అంతే.

కార్తీక శుద్ధ ఏకాదశి

జోజిబాబు వచ్చాడు. తుపాను వేళ పోలిక నలభై లోపు ఉన్న జతను విడదీయడం నియమం. ఒకరు లోతట్టుకు, తొంభై కిలోమీటర్ల దూరంలో మంచినీళ్ల లాకుల దగ్గరికి వెళ్లాలి. మేము అడిగితే తాను పైకి రాస్తానని, చక్రం సంగతి చూపించి ఆపించవచ్చని అన్నాడు. నేను వదిన వైపు చూశాను.

"నేను పోతాను" అంది.

అతను వెళ్లాక, ఈ బదిలీ ముందే తానే అడిగినట్టు చెప్పింది. "ఆ గదిలో ఆయన మంచం ఉంది. రోజూ దాన్ని తప్పుకుంటూ నడవాలి. నీ మీద కోపం కాదు."

ఉండమని అనాలనుకున్నాను. అనలేదు. ఉండమనడం నా కోసమే అవుతుందనిపించింది.

కార్తీక బహుళ అష్టమి

పద్దెనిమిదో తూముకు ఎల్లమంద అనే ఆయన వచ్చాడు. కొత్త జత, కొత్త నమోదు. మట్టం చెబుతాడు, వాన సంగతి అడుగుతాడు, భోజనమైందాండీ అంటాడు, ఉంటానండీ అంటాడు. రోజూ అవే మాటలు, అదే వరసలో. నేనూ అంతే. నలభై రోజుల నమోదులో పదకొండు రోజులకే పెట్టె మమ్మల్ని బాగా గుర్తుపడుతోంది. పోలిక డెబ్బై ఎనిమిది. ఇంత త్వరగా ఏ జతకూ రాలేదని జోజిబాబు మెచ్చుకున్నాడు.

సాయంత్రం ఆరున్నర నుంచి మర్నాడు సాయంత్రం ఆరు దాకా నేను నోరు తెరిచే పని ఉండదు. ఇవాళ గొలుసుకు గ్రీజు పెడుతూ, పైకి మాట్లాడి చూశాను. గొంతు బొంగురుగా వచ్చింది.

మార్గశిర శుద్ధ షష్ఠి

పోటు మధ్యాహ్నం ఒంటిగంటకు. మట్టం మూడు మీటర్లు. షట్టర్లు మూసి ఉన్నాయి.

మూడు గంటలకు మామూలు ఫోను మోగింది. పెట్టెది కాదు, గోడ మీదున్న పాతది. దాని మీద ఎవరూ వినరు, ఎవరూ పోల్చరు. ఎత్తాను.

"నేనే" అంది వదిన.

ఒకప్పుడైతే ఆమె "నేనే" అంటే, "ఎవరమ్మా, కలెక్టరమ్మా?" అనేదాన్ని. నోటిదాకా రాలేదు. ఊఁ అన్నాను.

"ఇక్కడ నాకు ఏం తోచట్లేదు."

ఇన్నేళ్లలో ఆమె నోట ఆ మాట వినలేదు. దాని వెనక ఇంకేమీ లేదు, అటూ ఇటూ మడత లేదు. ఏం చెప్పాలా అని వెతకబోయి, మానేశాను.

"నాక్కూడా వదినా" అన్నాను.

"ఉంటావా కాసేపు?"

"ఉంటాను."

ఆ తర్వాత ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. రిసీవరు భుజానికీ చెవికీ మధ్య పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాను. అటువైపు చేటలో బియ్యం పోసిన చప్పుడైంది. ఆమె ఏరుకుంటోంది. రాయి దొరికినప్పుడల్లా తీసి నేల మీద వేస్తున్నట్టుంది, సన్నగా టిక్కుమనేది. చీకటి పడేదాకా విన్నాను.